మొండి చీపుళ్ళ గదిలో కంప్యూటరు

మా కార్యాలయంలో కొత్త చీపురు కావాలంటే ముందు మొండి చీపురు తెచ్చి స్టోర్‌కీపరు చేతిలో పెట్టాలి. పెన్ను కావాలంటే సిరా అయిపోయిన పెన్ను, బల్బు కావాలంటే మాడిపోయిన బల్బు. ఎప్పుడో ఎవరో అధికారి కొత్త చీపుళ్ళన్నీ అత్తవారింటికి పంపించేశాడని పెట్టిన నిబంధన ఇది. మాన్యువల్లో పదిహేడోది. "చెడిన వస్తువును అప్పగించనిదే దాని స్థానే కొత్త వస్తువును పొందరాదు." అంతే, ఒక్క వాక్యం. ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో ఇంతకంటే న్యాయమైన వాక్యం నేను చదవలేదు. దాని పుణ్యమా అని మా స్టోరు గదిలో ఈ రోజుకి రెండువందల పదకొండు మొండి చీపుళ్ళు భద్రంగా ఉన్నాయి. ఊడ్చుకోవడానికి ఉన్నవి మాత్రం రెండే.

మాది తీర పడవల అనుమతుల కార్యాలయం. నేను సూపరింటెండెంటుని, పేరు నరహరి. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ సముద్రంలో వేట నిషేధం. జూన్ పద్నాలుగుతో నిషేధం అయిపోతుంది, పదిహేను తెల్లవారగానే పడవలన్నీ బయల్దేరతాయి. ఈలోగా ప్రతి పడవకీ ఆ ఏటి అనుమతి పత్రం మా దగ్గర అచ్చు వేయించుకోవాలి. పత్రం లేకుండా వెళ్ళిన పడవని గస్తీవాళ్ళు పట్టుకుని ఒడ్డుకి లాక్కొస్తారు. పూర్వం చేత్తో రాసి ఇచ్చేవాళ్ళం. చేతిరాత పనికిరాదని పైనుంచి ఉత్తర్వు వచ్చాక ఆ పుస్తకాలన్నీ అప్పగించేశాం. ఇప్పుడు ఒక కంప్యూటరు, అందులో ఒక ప్రోగ్రాము.

మే నెలాఖరులో మా అసిస్టెంట్ డైరెక్టరు ఉమాకాంతం గారు మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. శిక్షణ విషయం 'నిత్య నవీకరణ'. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేసరికి ఆయన కళ్ళలో వెలుగు కనబడింది. జూన్ మూడున నవీకరణ వారోత్సవం ప్రారంభమని ఉత్తర్వు వేశారు. గోడమీద క్యాలెండరు, గుమ్మం మీద బోర్డు, కంప్యూటర్లో ప్రోగ్రాము, అన్నీ ఆ వారంలోనే నవీకరించాలి. పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టించారు. సిబ్బంది అంతా కుడిచెయ్యి చాచి, "నేను నా కార్యాలయమును, నా కంప్యూటరును, నన్నును ఎల్లవేళలా నవీకరించుకొందునని ప్రతిజ్ఞ చేయుచున్నాను" అనాలి.

కంప్యూటరు పని సుభాషిణిది. పదకొండేళ్ళుగా మా దగ్గర తాత్కాలిక ఉద్యోగి. ఇద్దరు పిల్లల తల్లి. జీతం కాగితంలో ఆమెని డేటా ఎంట్రీ ఆపరేటరు అని రాస్తారు గాని, ఆ ప్రోగ్రాము రాసిందీ, రోజూ దాని ఆరోగ్యం చూసేదీ ఆమే.

"సార్, పొద్దున్న పదిన్నరకి నవీకరణ మొదలుపెడతాను. అయ్యేదాకా కరెంటు పోకూడదు" అని ముందే చెప్పింది.

కరెంటు పోలేదు. మా హాల్లో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. మిగతా రెండూ మాడిపోయాయి, గోడలో ఉన్న వాటిని గోడతో సహా ఎలా అప్పగించాలో తెలియక అలాగే వదిలేశాం. కంప్యూటరుకి ఉండాల్సిన బ్యాటరీ పెట్టె నిరుడే అప్పగించాం, కొత్తది రావాలి. పదకొండు గంటలకి ప్రతిజ్ఞ వేళ అయింది. మైకువాడు తీగ పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. ఉమాకాంతం గారే స్వయంగా చెయ్యి చూపించి, "అది తీసి ఇది పెట్టవయ్యా" అన్నారు. వాడు అది తీసి ఇది పెట్టాడు. నవీకరణ ఆవశ్యకత మీద ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. బాగా మాట్లాడారు.

మధ్యాహ్నం గరికిన నూకరత్నం వచ్చింది. పెద్దరేవు మనిషి. సొంత పడవ ఉంది. భర్తకి కుడిచెయ్యి పడిపోయాక మరిదినీ, ఐదుగురు కళాసీలనీ పెట్టుకుని పడవ నడిపిస్తోంది. పాత పత్రం బల్లమీద పెట్టి, కొత్తది ఇమ్మంది. సుభాషిణి మీట నొక్కింది. తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఇంకోసారి నొక్కింది. ఇంకా ఎక్కువ వచ్చాయి.

"ఏమైందమ్మా?" అన్నాను.

"మన ప్రోగ్రాం అంతా మనం రాసింది కాదు సార్. తేదీలు లెక్కపెట్టే ముక్క ఒకరిది, అచ్చుకి సర్దే ముక్క ఇంకొకరిది. ఇలాంటివి నలభై ఒకటి. ప్యాకేజీలంటారు. ఏది ఎక్కడ దొరుకుతుందో, దేనికి ఏది పొసుగుతుందో చూసి తెచ్చి పెట్టేది ప్యాకేజీ మేనేజరు. అదీ ఓ చిన్న ప్రోగ్రామే. నవీకరణ అంటే అది ముందు పాత తనని తీసేసుకుని, కొత్త తనని పెట్టుకుంటుంది. తీసేసుకుంది. పెట్టుకునేలోపు ప్లగ్గు పీకేశారు."

"అంటే ఇప్పుడు లేదా?"

"సగం ఉంది. అచ్చుకి సర్దే ముక్క కూడా పోయింది. దాన్ని తేవాలంటే మేనేజరు కావాలి. మేనేజరుని తేవాలన్నా మేనేజరే కావాలి."

నా మొహం చూసి ఆమె నవ్వింది.

"కంగారు పడకండి సార్. ఇలాంటి రోజు ఒకటొస్తుందని ఆ కంప్యూటరు భాష తయారుచేసినవాళ్ళు ముందే అనుకున్నారు. లోపల ఓ మూల విత్తనం దాచిపెట్టారు. ఈ చెడిన ఫోల్డరు తుడిచేసి ఆ విత్తనం నాటితే మేనేజరు మళ్ళీ మొలుస్తుంది. అది మొలిస్తే మిగతా నలభై ఒకటీ అదే తెచ్చుకుంటుంది. ఏవేవి కావాలో పట్టీ నా దగ్గరుంది. అరగంట పని."

నూకరత్నం ఊపిరి పీల్చుకుని, "అయితే అరగంట కూకుంటాను బాబూ" అని వరండాలో చతికిలబడింది.

కాని నా చెవిలో పడ్డది అరగంట అన్న మాట కాదు, తుడిచేసి అన్న మాట. తుడిచేయడమా? కార్యాలయం ఆస్తినా? ఇరవయ్యేడేళ్ళలో నేనొక గుండుసూదిని కూడా తుడిచేయలేదు. ఫైలు పట్టుకుని ఉమాకాంతం గారి గదికి వెళ్ళాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత తెరిచారు.

"నరహరి గారూ, తుడిచివేత అనునది ఒక చర్య కాదు, పర్యవసానము. పర్యవసానమునకు ముందు అప్పగింత, అప్పగింతకు ముందు పరిశీలన, పరిశీలనకు ముందు కమిటీ, కమిటీకి ముందు ఉత్తర్వు ఉండవలెను. నవీకరణ వారోత్సవములో మనమే నిబంధనలను అతిక్రమించినచో సమాజమునకు ఏమి సందేశము వెళ్ళును?"

"పోనీ పాతదాన్ని ముట్టుకోకుండా పక్కనే కొత్త ఫోల్డరు చేసి అందులో పెట్టుకుంటానంటోంది సార్."

"ఒకటి మంజూరైన చోట రెండు ఉండుట మిగులు నిల్వ అగును. ఆడిట్ అభ్యంతరము."

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. ఆ రోజు నూకరత్నం చీకటి పడేదాకా కూర్చుని వెళ్ళింది.

మర్నాడు కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు ఉమాకాంతం గారు, కన్వీనర్ని నేను, సభ్యుడు స్టోర్‌కీపరు సన్యాసిరావు. సన్యాసిరావు సొంత తమ్ముడు వచ్చినా పాతది చూపించనిదే కొత్త గుండుసూది ఇవ్వడు. అలాంటివాడు ఉండబట్టే మా స్టోరు నిండుగా ఉంది. పరిశీలనకి ఒక నమూనా పత్రం ఉంది. వస్తువు పొడవు, వెడల్పు, బరువు, రంగు, చెడిపోవుటకు కారణం.

పొడవు, వెడల్పు దగ్గర సుభాషిణి తెరమీద కనిపిస్తున్న ఫోల్డరు బొమ్మ చూపించింది. సన్యాసిరావు స్కేలు పెట్టి కొలిచి, "అంగుళానికి కాస్త తక్కువండి" అన్నాడు. రాసుకున్నాం. రంగు దగ్గర కొంత చర్చ జరిగింది. ఎర్రక్షరాలు వస్తున్నాయి కాబట్టి ఎరుపు అని తీర్మానించాం.

బరువు దగ్గర ఆగిపోయాం.

"దానికి బరువుండదు సార్" అంది సుభాషిణి.

"బరువు నేని వస్తువేటమ్మా? మరి పెట్టెలో ఎలాగుంది?" అన్నాడు సన్యాసిరావు.

మాది పడవల కార్యాలయం కాబట్టి చేపల కాటా ఉంది. కంప్యూటరు పెట్టెని దానిమీద పెట్టాం. ఏడు కిలోల రెండువందల గ్రాములు. చెడకముందు ఎంత ఉండేదో ఎవరూ తూచలేదు. ఇది పరిపాలనలో లోపమని ఉమాకాంతం గారు నొచ్చుకున్నారు. ఇకపై అన్ని వస్తువులనూ చెడకముందే తూచి ఉంచాలని ఆ సాయంత్రమే సర్క్యులరు వెళ్ళింది.

చివరి గడి, చెడిపోవుటకు కారణం. సన్యాసిరావు నా వైపు చూశాడు. నేను ప్లగ్గు వైపు చూశాను. ఉమాకాంతం గారు కిటికీలోంచి సముద్రం వైపు చూసి, "వస్తువు యొక్క స్వభావసిద్ధమైన దౌర్బల్యము అని వ్రాయండి" అన్నారు.

వస్తువు పనికిరాదని ఏడో తేదీకి తేలింది. ఇక అప్పగింత. సుభాషిణి ఆ ఫోల్డరుని పెన్‌డ్రైవులో వేసుకుని స్టోరుకి తీసుకెళ్ళింది. సన్యాసిరావు పెన్‌డ్రైవుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నాకిచ్చేత్తే మీ దగ్గర ఉండదు కదా?"

"ఇది నకలండీ. అసలుది కంప్యూటర్లో ఉంది."

"అయితే ఇచ్చినట్టెలాగవుద్దమ్మా? మొండిసీపురు ఇచ్చినోడు సేతులూపుకుంటూ ఎల్తాడు. దాని నకలిచ్చి, సీపురు సంకనెట్టుకుని ఎల్డు."

"అక్కడ తుడిచేస్తే అక్కడ ఉండదు."

"తుడిచెయ్యండి మరి."

"అప్పగించకుండా తుడవకూడదన్నారు."

"తుడవకుండా అప్పగించలేరు కదా" అన్నాడు సన్యాసిరావు. అతని గొంతులో వేళాకోళం లేదు. నిజంగానే బాధపడ్డాడు.

ఉమాకాంతం గారు ఒక్క పూట ఆలోచించి దారి కనిపెట్టారు. చెడిన వస్తువు ఏ పెట్టెలో ఉందో ఆ పెట్టెతో సహా అప్పగించాలి. మాడిన బల్బుని దాని అట్టపెట్టెతో అప్పగించడం లేదా? తొమ్మిదో తేదీ ఉదయం కంప్యూటరు పెట్టెని ఇద్దరు మోసుకెళ్ళి స్టోరు గదిలో పెట్టారు. సన్యాసిరావు దానికో చీటీ కట్టాడు. రెండువందల పదకొండు చీపుళ్ళ వరుసలో చివర చేరింది కాబట్టి దాని వరుస నంబరు రెండువందల పన్నెండు. తలుపు వేసి తాళం తీసి మొలతాడుకి కట్టుకున్నాడు.

మా జిల్లాలో ఉన్న పడవల వివరాలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

"ఇప్పుడు దాన్ని బయటికి ఇప్పించండి సార్, బాగుచేస్తాను" అంది సుభాషిణి.

"బయటికి ఇవ్వాలంటే బాగున్న వస్తువై ఉండాలండి. పనికిరాని వస్తువు స్టోరు దాటకూడదు" అన్నాడు సన్యాసిరావు.

"బాగుచేస్తేనే కదా బాగుంటుంది?"

"బాగుంటేనే కదమ్మా ఇత్తాను?"

సుభాషిణి కాసేపు మా ఇద్దరినీ చూసి, "నా మేనేజరు నయం సార్. దాంట్లో విత్తనమైనా ఉంది" అని వెళ్ళిపోయింది.

పాతది అప్పగించాం కాబట్టి కొత్త కంప్యూటరుకి మేం అర్హులమయ్యాం. నిబంధన అంటే అదే, ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇస్తుంది. ప్రధాన కార్యాలయానికి రాస్తే మర్నాడే జవాబొచ్చింది. మంజూరుకి సిద్ధమే, అయితే అందులో వేయబోయే నలభై ఒక్క ప్యాకేజీలూ బయటివారు తయారుచేసినవి గనుక, ఒక్కొక్కరి నుంచీ నిరభ్యంతర పత్రం జతపరచాలి.

సుభాషిణి తన ఫోన్లోంచి నలభై ఒక్కమందికి ఉత్తరాలు రాసింది. రెండు రోజుల్లో ముప్పయ్యెనిమిదిమంది జవాబిచ్చారు. అందరూ ఒకటే మాట. ఇది ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు, అడగక్కర్లేదు. నార్వేలో ఉండే ఒకాయన మాత్రం కాస్త ఎక్కువ రాశాడు. "పద్నాలుగేళ్ళుగా దీన్ని లోకమంతా వాడుతోంది. నన్ను అనుమతి అడిగింది మీరొక్కరే. మీరంతా క్షేమమే కదా?"

ఉమాకాంతం గారు ముప్పయ్యెనిమిదీ శ్రద్ధగా చదివి పక్కన పెట్టారు.

"ఒక్కదానిపైనా ముద్ర లేదు" అన్నారు.

ఈ పది రోజులూ నూకరత్నం రోజూ వచ్చింది. మొదటి రెండు రోజులూ అడిగింది. తర్వాత అడగడం మానేసి వరండాలో కూర్చుని వల బాగుచేసుకునేది. మిగతా ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి పోతున్నారు గాని, ఆమెలా కూర్చున్నవాళ్ళు లేరు. పన్నెండో తేదీ సాయంత్రం నా బల్లముందుకొచ్చి నిలబడింది.

"బాబూ, ఓ మాట సెప్తాను, కోప్పడకండి. తొలిరోజు ఏ పడవెక్కితే ఆ ఏడంతా ఆ పడవే. అది మావోల్ల కట్టు. పదేనో తారీకున నా పడవ దిగకపోతే మా కళాసీలైదుగురూ అవతలోల్ల పడవెక్కేస్తారు. ఓపాలెక్కినోల్లు మల్లీ ఏడాది దాకా దిగరు. ఆల్లని తప్పనడానికి నేదు, ఆల్లకీ పిల్లలున్నారు. మా మరిదొక్కడూ ఏటి సేత్తాడు? నా పడవ ఏడాదిపాటు ఇసకలో ఉండిపోద్ది."

"ఫైలు కదులుతోందమ్మా" అన్నాను.

"కదల్తంది బాబూ. సముద్రం కూడా కదల్తంది" అని వెళ్ళిపోయింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో అప్పుడు అర్థం కాలేదు, ఎందుకంటే ఫైలు నిజంగానే కదులుతోంది.

పదమూడున ఉమాకాంతం గారు రాజధానికి వెళ్ళారు. నవీకరణ వారోత్సవం అన్ని జిల్లాలకన్నా మా జిల్లాలో బాగా జరిగిందట. ఫొటోలు చూసి నిర్ణయించారు. ప్రశంసాపత్రం, శాలువా. పదిహేడున తిరిగి వస్తారు. అంతవరకు ఇన్‌ఛార్జి నేను.

పద్నాలుగు ఉదయం కార్యాలయానికి వచ్చేసరికి వరండా నిండా మనుషులు. నూటపద్దెనిమిది పడవల తాలూకు వాళ్ళు. ఎవరూ అరవడం లేదు, అదే నాకు భయం వేసింది. నూకరత్నం గోడకి చేరగిలబడి వల ముడి వేస్తోంది. నేను దాటుకుని వెళ్ళబోతుంటే ఆమె సుభాషిణితో అంటున్న మాట వినబడింది.

"పెట్టె బయటికి రాకపోతే మీరే లోనికెల్లి బాగుసేసుకోవచ్చు కదమ్మా? నడిసముద్రంలో వల సిరిగితే పడవమీదే కుట్టుకుంటాం. ఒడ్డుకి తెచ్చి కుట్టి, మల్లీ పట్టుకెల్తామేటి?"

నేను ఆగిపోయాను. లోపలికి వెళ్ళి మాన్యువల్ తీశాను. పదిహేడో నిబంధన కాదు, నలభై మూడోది. "స్టోరులోని వస్తువులను కార్యాలయ బాధ్యుడు ఎప్పుడైనను ఆకస్మికముగా తనిఖీ చేయవచ్చును. తనిఖీ వస్తువు ఉన్నచోటనే జరుగవలెను. అవసరమైనచో నిపుణుల సహాయము పొందవచ్చును." ఇరవయ్యేడేళ్ళలో ఎవరూ ఆ పేజీ తెరిచినట్టు లేదు. రెండు కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి.

సన్యాసిరావు దగ్గరికెళ్ళి, "ఆకస్మిక తనిఖీ" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "పెట్టె బయటికి రాదు కదండీ?"

"రాదు."

"దానిలోది ఏదీ తుడిచెయ్యరు కదా?"

"ముట్టుకోనే ముట్టుకోను" అంది సుభాషిణి వెనకనుంచి. "పాత ఫోల్డరు అలాగే ఉంటుంది. పక్కన ఇంకోటి చేసుకుంటాను."

"ఒకటికి రెండవుతాయి మరి" అన్నాను నేను, అలవాటు కొద్దీ.

సన్యాసిరావు మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. "టోరులో ఒకటికి రెండున్నా పరవానేదండి. ఇక్కడ సీపుళ్ళు రెండొందల పదకొండున్నాయి."

గదిలో దుమ్ముకి ముగ్గురం తుమ్మాం. విచిత్రం ఏమిటంటే ఆ గదిలో ప్లగ్గు పనిచేస్తోంది, ఎవరూ వాడకపోవడంవల్ల మాడిపోలేదు. కాలు పెట్టడానికి చోటు లేక సుభాషిణి చీపుళ్ళ కట్టల మీదే కూర్చుంది. తెర, మీటలు తెచ్చి తగిలించాం. తన ఫోను పక్కన పెట్టి దానిలోంచే ఇంటర్నెట్టు ఇచ్చింది. కొత్త ఫోల్డరు చేసింది. విత్తనం నాటింది. తెరమీద నల్లటి చోట తెల్లక్షరాలు ఒక్కొక్క వరుసా పైకి జరగడం మొదలైంది.

"మొలిచింది సార్" అంది.

తర్వాత తన పట్టీ చూపించింది. ఆ నలభై ఒకటీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎవరూ ముద్ర అడగలేదు. నార్వే ఆయనది కూడా వచ్చింది. ఆయనకి మేమంతా క్షేమమేనని ఎవరైనా జవాబు రాస్తే బాగుండునని నాకనిపించింది.

మొత్తం ఇరవయ్యారు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూశాను.

ప్రింటరుని ఎవరూ అప్పగించలేదు కాబట్టి అది ఎక్కడైనా ఉండవచ్చు. దాన్ని వరండాలో స్టూలు మీద పెట్టి, తీగని కిటికీలోంచి లోపలికి లాగాం. పెట్టె స్టోరు దాటలేదు, కాగితం మాత్రం దాటింది. ఉమాకాంతం గారి సంతకం ప్రోగ్రాములోనే ఉంటుంది, కాగితంతోపాటే అచ్చవుతుంది. కాబట్టి రాజధానిలో శాలువా కప్పించుకుంటూనే ఆయన ఇక్కడ నూటపద్దెనిమిది సంతకాలు చేశారు.

మొదటి పత్రం నూకరత్నానిది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. చదవడం రాదని నాకు తెలుసు. మడిచి బొడ్డులో దోపుకుని, "ఎల్తాను బాబూ, ఐసు కొట్టించాలి" అని గబగబా మెట్లు దిగింది. నాకు కళ్ళు మండాయి. దుమ్ము వల్లే అనుకున్నాను. కాదు. పన్నెండు రోజులపాటు ఇరవయ్యారు నిమిషాల పనిని ఆపినవాళ్ళలో నేనొకణ్ణి. సిగ్గేసింది.

పదిహేడున ఉమాకాంతం గారు శాలువాతోనే వచ్చారు. స్టోరు గదిలోంచి మీటల చప్పుడు విని, గుమ్మంలో నిలబడి, చీపుళ్ళ మధ్య కూర్చున్న సుభాషిణిని చూశారు. ఆయన మొహం ఎర్రబడింది.

"నరహరి గారూ, ఇది పనికిరానిదని కమిటీ నిర్ధారించిన వస్తువు."

"అవును సార్."

"అట్టిది పనిచేయుచున్నది."

"అవును సార్."

"అనగా అది కమిటీని ధిక్కరించుచున్నది." శాలువా సర్దుకున్నారు. "వస్తువుపై చర్య తీసుకొనలేము. దానిచే పనిచేయించిన వ్యక్తిపై తీసుకొనవచ్చును. సుభాషిణికి మెమో ఇవ్వండి. తాత్కాలిక ఉద్యోగి గనుక ఒక్క మెమో చాలును."

ఒక్క మెమో అంటే ఏమిటో మా అందరికీ తెలుసు. తాత్కాలికంవాళ్ళకి మెమో వస్తే నెలాఖరుకి ఉద్యోగం ఉండదు. పదకొండేళ్ళు, ఇద్దరు పిల్లలు. తప్పు నాది, తనిఖీ చేసింది నేను అన్నాను. తనిఖీ నిబంధనల ప్రకారమే జరిగింది గనుక నాపై చర్య కుదరదన్నారు. ఆయన అన్యాయంగా మాట్లాడే మనిషి కాదు, నిబంధన ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకానే నడుస్తారు.

మెమో అంటే వట్టి కాగితం మీద రాసేది కాదు. నంబర్లు వేసిన మెమో పుస్తకం ఉంటుంది, అందులోనే రాయాలి. పుస్తకం ఏప్రిల్‌లో అయిపోయింది, అట్ట మాత్రం మిగిలింది. కొత్త పుస్తకం కోసం సన్యాసిరావు దగ్గరికి వెళ్ళాను. ఉమాకాంతం గారు కూడా నా వెనకే వచ్చి నిలబడ్డారు.

సన్యాసిరావు చెయ్యి చాపాడు.

"పాత పుస్తకం అట్టండి."

"కనబడడం లేదు" అన్నాను.

ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో అదే నా మొదటి అబద్ధం. అట్ట నా సొరుగులోనే ఉంది.

సన్యాసిరావు నన్ను చూశాడు. నా సొరుగులో ఏమేమి ఉంటాయో నాకంటే అతనికే బాగా తెలుసు. తర్వాత ఉమాకాంతం గారి వైపు తిరిగి, "మీరొచ్చి అడిగినా అంతేనండి. పాతది సేతిలో పెడితేనే కొత్తది" అన్నాడు.

ఉమాకాంతం గారు నిట్టూర్చారు. "అది నిబంధన. వెదకండి. లభించువరకు వెదుకుచున్నట్లు ఫైలు నడపండి."

ఫైలు మొదలుపెట్టాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఫైలు నడపడంలో ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడు. అది పదేళ్ళు నడుస్తుంది, నాకా ఇంకా పదకొండేళ్ళ సర్వీసు ఉంది.

ఆ మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది. తడిచీర, తలమీద తట్ట. కళాసీలైదుగురూ ఆమె పడవే ఎక్కారట. తొలివేట బాగానే పడిందట. స్టోరు గది కిటికీ దగ్గర నిలబడి సుభాషిణిని పిలిచింది. అరచేతికి మించి వెడల్పున్న చందువ చేపని తీసి చూపించింది. సుభాషిణి వద్దంది. ఈమె వినలేదు.

"తొలివేటలోది వద్దనకూడదమ్మా, పిల్లలకి వండెట్టు" అని, నా బల్ల దగ్గరికొచ్చింది. "బాబూ, నీళ్ళోడుతంది. సుట్టడానికి మందపాటి కాయితమేదైనా ఉంటే ఇద్దురూ."

నేను సొరుగు లాగి, ఆ అట్ట తీసి ఇచ్చాను.